డాగ్స్ దగ్గర కొంచెం గట్టిగా

"'హౌ మచ్ ఇంగ్లీష్ యూ లెర్న్డ్' అని ఎవరడుగుతారన్నయ్యా? పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టి అడిగినట్టుంది," అంది మా ఆడపడుచు. బడిలో ఇంగ్లీషు చెబుతుంది కాబట్టి ఇంట్లో అందరం ఆమెను టీచరమ్మ అంటాం.

"నేను రోజూ ఆఫీసులో ఇంగ్లీషే రాస్తాను. నాకు చెప్పొచ్చావు," అన్నారు బావగారు.

"రాయడం వేరు, మాట్లాడటం వేరు. 'హౌ ఈజ్ యువర్ ఇంగ్లీష్ కమింగ్ అలాంగ్?' అనాలి. సహజంగా ఉండాలి."

అరగంట నుంచి ఇదే గొడవ. అత్తయ్య రెండుసార్లు అన్నం చల్లారిపోతోందని చెప్పింది. ఎవరి ఇంగ్లీషు గురించి కొట్టుకుంటున్నారో ఆ మనిషి, అంటే బావగారి భార్య, మా అక్క, గ్లాసుల్లో నీళ్ళు పోస్తూ నిలబడి ఉంది. తోడికోడలైనా నేను అక్కా అనే పిలుస్తాను.

"అలాంగ్ అంటే తోడుగా అని కదూ?" అంది అక్క. "ఎవరికి తోడుగా వస్తోంది?"

బావగారికి పొలమారింది. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరికీ కాదు వదినా. చదువు ఎంతవరకు వచ్చింది అని అర్థం. దానికి జవాబు కూడా సహజంగా ఉండాలి. 'ఇట్ ఈజ్ గోయింగ్ టు ది డాగ్స్' అనాలి. కుక్క పరిగెత్తినట్టు జోరుగా సాగుతోందని," అంది.

అక్క వెంటనే వెళ్ళి చిన్న పుస్తకంలో రాసుకుంది.

నేను డిగ్రీ చదివాను. ఆ మాటకు సర్వనాశనమైపోతోందని అర్థమని నాకు తెలుసు. టీచరమ్మ నావైపు చూసి కన్ను గీటింది. నేనూ నవ్వాను.

అక్క ఏడో తరగతితో ఆపేసింది. ఆసుపత్రి లాండ్రీలో తొమ్మిదేళ్ళుగా దుప్పట్లు ఉతుకుతోంది. బ్లీచింగ్ నీళ్ళకు వేళ్ళ సందులు చీలిపోయాయి. ఇంకో ఏడాది ఇలాగే చేస్తే ఆ చేతులు దేనికీ పనికిరావని చర్మం డాక్టరు చెప్పేశాడు. అదే ఆసుపత్రిలో పేర్లు రాసుకునే కౌంటరులో ఒక కుర్చీ ఖాళీ అయింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే చాలు, ఇప్పిస్తానంది మేట్రన్. బుధవారం ఇంటర్వ్యూ.

ఆ వారమంతా భోజనాల దగ్గర అదే ఆట. "హౌ ఈజ్ యువర్ ఇంగ్లీష్ కమింగ్ అలాంగ్?" అని ఒకరు అడగడం, అక్క నిటారుగా నిలబడి "ఇట్ ఈజ్ గోయింగ్ టు ది డాగ్స్" అనడం, అందరూ పడీ పడీ నవ్వడం. అర్థం తెలియకపోయినా అత్తయ్య కూడా నవ్వేది. తను బాగా చెబుతున్నానని మురిసిపోతున్నారనుకుని అక్క కూడా నవ్వేది.

మంగళవారం మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగింది.

"చెల్లీ, నువ్వు చదువుకున్నదానివి. వాళ్ళు ఎగతాళికి ఏమైనా నేర్పారా? నా మొహం చూసి చెప్పు."

లాండ్రీ అయితే పొద్దున ఆరింటికి వెళ్ళి ఒంటిగంటకు వచ్చేస్తుంది. సాయంత్రం వంట, గిన్నెలు, అత్తయ్య కాళ్ళకు కాపడం అన్నీ తనవే. కౌంటరు అయితే రాత్రి ఏడు దాకా. ఆ పనులన్నీ ఎవరి నెత్తిన పడతాయో నేను వారం రోజులుగా లెక్కేసుకుంటూనే ఉన్నాను.

"బాగానే ఉందక్కా," అన్నాను, ఆమె మొహం చూసే. "డాగ్స్ దగ్గర కొంచెం గట్టిగా పలుకు."

బుధవారం మేట్రన్ పక్కన కూర్చున్న పెద్ద డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందనేనట. అక్క గట్టిగానే పలికింది. డాక్టరు విరగబడి నవ్వి పక్క గదిలో వాళ్ళను కూడా పిలిచి మళ్ళీ చెప్పించాడు. అక్క మళ్ళీ చెప్పింది. మేట్రన్ మాత్రం నవ్వలేదు. బయటికి తీసుకెళ్ళి దాని అర్థం విడమరిచి చెప్పింది.

ఇదంతా ఆ సాయంత్రం అక్క మా అందరి ముందూ చెప్పింది. ఏడవలేదు.

"సరదాకన్నాం. నువ్వు అక్కడిదాకా మోసుకెళతావని ఎవరికి తెలుసు?" అన్నారు బావగారు.

"నన్నంటావేం వదినా? చిన్నవదినకు మాత్రం తెలీదా?" అంది టీచరమ్మ.

"దాన్ని లాగకు," అంది అక్క. "పాపం, దానికి తెలిస్తే నాకు చెప్పి ఉండేది."

నేను కంచంలో మెతుకులు ఏరుతూ కూర్చున్నాను.

ఆ కుర్చీ చేజారినా నాలుగు నెలల్లో ఇంకోటి ఖాళీ అవుతుందట. ఈలోగా ఆసుపత్రి పక్కనే ఉన్న క్లాసులో సరిగ్గా నేర్చుకుంటే తన పేరే రాస్తానని మేట్రన్ మాటిచ్చిందట. రోజూ అయిదు నుంచి ఏడు వరకు.

"వెళ్ళనా?" అంది అక్క. చీలిన వేళ్ళు కొంగులో చుట్టుకుని నిలబడింది.

బావగారు తల్లి వైపు చూశారు. అత్తయ్య మోకాళ్ళు నిమురుకుంది. "నాకేం అభ్యంతరం లేదు. చేతులు అలా అయిపోతుంటే వద్దని ఎలా అనను? కానీ సాయంత్రాలు ఇల్లు ఎవరు చూస్తారు? చిన్నది సరేనంటే సరే."

అందరూ నావైపు తిరిగారు. అక్క మొహంలో అప్పుడే సంతోషం. నేను ఏమంటానో తెలిసిపోయినట్టు నావైపు ఒక అడుగు వేసింది.

"నా వల్ల కాదత్తయ్యా," అన్నాను మెల్లగా. "సాయంత్రాలు అక్క ఇంట్లోనే ఉండాలి."