దిగబెట్టి రావడం

మల్లేశ్వరంలో శామణ్ణనీ నంజుండయ్యనీ ఎరగనివాళ్ళు లేరు. ఒకాయన వాచీల ఫ్యాక్టరీలో చేశాడు, ఇంకొకాయన టెలిఫోన్ల ఫ్యాక్టరీలో. రెండూ మూతపడ్డాయి గానీ వీళ్ళ కబుర్లు మాత్రం మూతపడలేదు. సాయంత్రం కాగానే శామణ్ణ ఎనిమిదో క్రాసు వీధి నుంచి పదిహేనో క్రాసులో ఉన్న నంజుండయ్య ఇంటికి వస్తాడు. లేచేటప్పుడు నంజుండయ్య "పద, దిగబెట్టి వస్తా" అంటాడు. తన గేటు చేరాక శామణ్ణ "ఒక్కడివే ఏం పోతావు, నేనూ వస్తా" అని వెనక్కి తిరుగుతాడు. మధ్యలో ఒక బై టూ కాఫీ, చెరి సగం. ఇలా ఒకరినొకరు దిగబెట్టుకుంటూనే ఇద్దరికీ జుట్టు నెరిసింది.

ఈమధ్య నగరానికి నడిచేవాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఫుట్‌పాత్ వెడల్పు చేశారు. వెడల్పయింది కదా అని దాని మీద అద్దె స్కూటర్లు నిలబెట్టారు. మిగిలిన సందులోంచి బైక్ టాక్సీలు దూసుకుపోసాగాయి. 'పాదచారికే మొదటి హక్కు' అని ఒక ఇనప బోర్డు కూడా పాతారు. ఒక టాక్సీ నుంచి తప్పుకోబోయి నంజుండయ్య ఆ బోర్డుకే మోకాలు కొట్టుకుని పడ్డాడు.

ఆయన కొడుకు ప్రమోద్ హడలిపోయాడు. "ఇద్దరూ పెద్దవాళ్ళే అంకుల్. ఒకరు పడితే ఇంకొకరు లేపగలరా?"

"పడితే పక్కపక్కనే పడతాం. మాట్లాడుకుంటూ ఉంటే ఎవరో ఒకరు వచ్చి లేపుతారు" అన్నాడు శామణ్ణ.

ప్రమోద్ నవ్వలేదు. తండ్రి ఫోనులో 'జొతె' అనే యాప్ పెట్టాడు, కన్నడంలో తోడు అని. నొక్కితే పక్కన నడవడానికి మనిషిని పంపుతుందది. ఆ మనిషి లేకుండా గడప దాటడానికి వీల్లేదని చెప్పి, తండ్రి చెప్పులు తీసి బీరువా మీద పెట్టాడు.

మొదట వచ్చినతను చెవుల్లో ఏదో దోపుకుని నాలుగడుగులు ముందు నడిచాడు. నంజుండయ్య ఫ్యాక్టరీ సమ్మె కథ ఎత్తుకోగానే "సార్, మాట్లాడాలంటే వేరే ప్లాన్ తీసుకోవాలి" అన్నాడు. కాఫీ హోటల్ ముందు ఆగితే "రూటు మారుతోంది సార్" అన్నాడు.

తన స్నేహితుణ్ణి ఎవడో తోలుకుపోవడం చూసి శామణ్ణకు కడుపు మండింది. నేరుగా వెళ్ళి జొతె కంపెనీలో చేరిపోయాడు. అక్కడ ఆయనకు నడవడం నేర్పారు. నేర్పినాయన కారులో వచ్చాడు. చివర్న ఒక ఆకుపచ్చ కోటు ఇచ్చి పంపారు.

"ఓటీపీ చెప్పండి" అన్నాడు శామణ్ణ, నంజుండయ్య గేటు ముందు నిలబడి.

"నలభై ఏళ్ళుగా ఎరుగుదువు కదయ్యా నన్ను."

"నిన్నెరుగుదును. ఓటీపీని ఎరగను."

ఆ తర్వాత అంతా పాత పద్ధతే. శామణ్ణ ఇంటిదాకా ఒక బుకింగు, తిరిగి నంజుండయ్య ఇంటికి ఇంకో బుకింగు, మళ్ళీ శామణ్ణను దిగబెట్టడానికి మరొకటి. రేటింగు అడిగితే నంజుండయ్య మూడు చుక్కలే ఇచ్చి, చెప్పిన కథే చెబుతున్నాడని రాశాడు. అది చూసి శామణ్ణ ఉడుక్కున్నాడు. అయినా నడక ఆపలేదు.

వారం తిరక్కుండానే కంపెనీ నుంచి కబురొచ్చింది. 'మీరిద్దరూ కారణం లేకుండా రెండు గేట్ల మధ్య తిరుగుతున్నారు. ఎక్కువ బుకింగులకిచ్చే బోనస్ కోసం చేసే దొంగ ప్రయాణాలని మా కంప్యూటర్ కనిపెట్టింది. ఖాతాలు శాశ్వతంగా మూసేశాం.'

ప్రమోద్‌కు తల కొట్టేసినట్టయింది. "పరువు తీశారప్పా. అసలు మీరు వెళ్ళాల్సిన చోటేది?"

"చోటేమీ లేదురా."

"చోటు లేనప్పుడు నడవడం దేనికి? యాప్ కూడా పోయింది. ఇక ఇంట్లోనే ఉండండి."

నంజుండయ్య ఫోను బల్ల మీద పడేశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

గేటు బయట శామణ్ణ అంతా విన్నాడు. ఆయనకు నిజంగా భయమేసింది. ఈ మనిషి ఇవాళ ఆ కుర్చీలోంచి లేవకపోతే మరి లేవడు. తన సాయంత్రాలు కూడా అక్కడితో సరి. కోటు విప్పి గేటు మీద వేసి లోపలికి నడిచాడు.

"ఏంటిలా వచ్చావు?" అన్నాడు నంజుండయ్య నీరసంగా.

"నిన్ను దిగబెడదామని."

"నేను ఇంట్లోనే ఉన్నా కదయ్యా."

"అయితే నన్ను దిగబెట్టు." శామణ్ణ ప్రమోద్ వైపు తిరిగాడు. "వెళ్ళాల్సిన చోటు అడిగావుగా నాయనా. ఎనిమిదో క్రాసు, మా ఇల్లు."

ప్రమోద్ ఏదో అనబోయాడు. కుర్చీ చేతులు పట్టుకుని తండ్రి అప్పటికే లేస్తున్నాడు. చేసేది లేక బీరువా మీదికి చెయ్యి చాపి చెప్పులు దించి, ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఎంతసేపట్లో వస్తారప్పా?"

"ఎలా చెప్పను?" అన్నాడు నంజుండయ్య చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "మళ్ళీ వాడు నన్ను దిగబెట్టాలి కదా."