ముక్తాయింపు దెబ్బ

రష్ వీధిలో బొచ్చుకోట్లు దాచే నేలమాళిగను హెర్షెల్ గొరెలిక్ అద్దెకు తీసుకున్నప్పుడు అతని బావమరదులు ముగ్గురూ కడుపుబ్బా నవ్వారు. షికాగో గొప్పింటి ఆడవాళ్ళు వేసవి రాగానే తమ మింక్ కోట్లు తెచ్చి అక్కడి చల్లగదుల్లో వేలాడదీసి పోయేవారు. చల్లదనం పోకుండా గోడలకు జానెడు మందాన కార్కు తాపడం చేసి ఉండేది. చప్పుడు మోగని చోట పాటల క్లబ్బేమిటని వాళ్ళ వెటకారం. మోగని గదిలోనే ప్రతి దెబ్బా విడివిడిగా వినబడుతుందని హెర్షెల్‌కి తెలుసు. క్లబ్బుకి 'కోల్డ్ రూమ్' అని పేరు పెట్టాడు. ఆ బోర్డు చూసి, మాంసం కొట్టనుకుని దిగివచ్చిన వాళ్ళూ లేకపోలేదు.

అది 1955. హెర్షెల్ అందరికన్నా ముందు పిలిచింది లూషియస్ వీమ్స్ అనే డ్రమ్మరుని. ముప్పై రెండేళ్ళవాడు, ఊరికి దక్షిణాన నలభై ఏడో వీధిలో కాపురం. మాటలోనూ నవ్వులోనూ కూడా పొదుపరి.

"ఆటకి నలభై నిమిషాలు నీవి," అన్నాడు హెర్షెల్. "నువ్వు, పియానో, బాసు ఫిడేలు. మీ ముగ్గురే. ఆ నలభైలో సాక్షాత్తూ మా యూదుల రబ్బీ గారొచ్చినా స్టేజీ ఎక్కనివ్వను."

లూషియస్ గది నాలుగు మూలలా చూసి, "మా ఆవిడ వస్తే ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే. ఆ వీధిలో అప్పట్లో నల్లవాళ్ళకి వాయించడానికి వెనకతలుపు ఉండేది, వినడానికి ఏ తలుపూ ఉండేది కాదు.

హెర్షెల్ స్టేజీకి ఎదురుగా ఉన్న రెండో బల్ల దగ్గరికి నడిచి, కుర్చీ ఒకటి వెనక్కి లాగాడు. "ఇక్కడ. ఏం, ఆవిడకి ఈ కుర్చీ నచ్చదా?"

మొదటి రోజు ఒడెస్సా వీమ్స్ చర్చికి వెళ్ళేటప్పటి టోపీ పెట్టుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. లూషియస్ ఆ క్లబ్బులో పాతుకుపోవడానికి కారణం ఆ కుర్చీయే తప్ప జీతం కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. అది ఒడెస్సాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అతని ఇంటి గుమ్మం నుంచి క్లబ్బు గుమ్మానికి రైలు మీద సరిగ్గా నలభై నిమిషాలు. స్తంభాల మీద పరుగెత్తే ఆ రైల్లో రోజూ మోకాళ్ళ మీద వేళ్ళతో దరువు వేసుకుంటూ వచ్చేవాడు. పట్టాల అతుకులు, మలుపులో చక్రాల కీచు, ఒక్కో స్టేషన్‌లో తలుపులు మూసుకునే చప్పుడు, చివరికి క్లబ్బులోకి దిగే పదకొండు మెట్లు. ఆ ప్రయాణమంతా ఒకే వాయింపుగా కట్టాలని అతని కోరిక. డ్రమ్ములంటే వెనక కూర్చుని తాళం వేసేవి కావని, అవే ఒక కథ చెప్పగలవని ఒక్కసారి ఈ ఊరికి వినిపించాలి. అందుకు నలభై నిమిషాలు కావాలి. ముప్పైతొమ్మిదైతే మెట్లు దిగడం కుదరదు.

మరుసటి ఏడు చలికాలంలో, ఆ వాయింపు సగం కట్టి ఉండగా, పియానో అతను మంచు మీద జారి పడి ఆలస్యంగా వస్తున్నానని కబురు పెట్టాడు. జనం వచ్చి కూర్చున్నారు. హెర్షెల్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బారు దగ్గర మాంసం రొట్టె తింటూ నలుగురిని నవ్విస్తున్న ఆర్నీ ఫార్కస్‌ని రెక్క పట్టుకుని స్టేజీ మీదికి తోశాడు. ఆర్నీ చెప్పుల కొట్లో గుమాస్తా.

"ఇవాళ మా కొట్టుకి ఒకావిడ వచ్చింది," మొదలుపెట్టాడు ఆర్నీ. "కాలు తొమ్మిదో నంబరు. అడిగిందేమో ఆరో నంబరు. పట్టదమ్మా అన్నాను. 'మా రెండు గదుల ఇంట్లో మా ఆయన వాళ్ళమ్మని పట్టించాడు, ఈ బూటెందుకు పట్టదయ్యా?' అంది."

ఒక్కడూ నవ్వలేదు. ఎవరో చెంచా కింద పెట్టారు, అది గదంతా వినబడింది. ఆర్నీ చెవులు ఎర్రబడ్డాయి. వెనక నుంచి చూస్తున్న లూషియస్‌కి కనిపించినవి ఆ చెవులే. పాపం అనిపించింది. చెయ్యి దానంతటదే లేచి, డ్రమ్ము అంచు మీద రెండు, తాళం పళ్ళెం మీద ఒకటి వేసింది.

డబ్, డబ్. ఛస్!

గది గొల్లుమంది. జోకు అయిపోయిందని, ఇక నవ్వవచ్చని ఎవరో చెప్పాలి కాబోలు. ఆర్నీ వెనక్కి తిరిగి లూషియస్ వైపు చూసిన చూపు, నీళ్ళలో మునిగేవాడు కర్రని చూసిన చూపు. ఆ తర్వాత ఏడు జోకులు చెప్పాడు. ఏడింటికీ ముక్తాయింపు పడింది, ఏడింటికీ నవ్వు పడింది.

కూర్చున్న కొమ్మని నరుక్కునేవాడు గొడ్డలి పట్టుకునే రావాలని లేదు. రెండు పుల్లలు చాలు.

వారం తిరిగేసరికి ఆర్నీకి పది నిమిషాలు ఇచ్చారు. "ఈ ఒక్క వారమే, లూషియస్," అన్నాడు హెర్షెల్. ఆ పది ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పనక్కర్లేదు. తర్వాత మిల్వాకీ నుంచి ఒకడు, క్లీవ్‌లాండ్ నుంచి ఒకడు, న్యూయార్క్ నుంచి నలుగురు వచ్చారు. కోల్డ్ రూమ్‌లో ఒక డ్రమ్మరు ఉన్నాడని, వాడు మొహం ముడుచుకునే ఉంటాడు గాని సరైన చోట కొడితే చచ్చిన జోకు కూడా లేచి కూర్చుంటుందని దేశమంతా పాకింది. నలభై కాస్తా ముప్పై అయింది, ముప్పై ఇరవై అయింది. ప్రతిసారీ 'ఈ ఒక్క వారమే'. హెర్షెల్ దగ్గర వారానికి ఏడు రోజులన్న లెక్క లేదు.

ఇరవై నిమిషాల్లో లూషియస్ రైలు సగం దారికి వచ్చి ఆగిపోయేది. పన్నెండైనప్పుడు నాలుగు స్టేషన్లు. ఆరైనప్పుడు జనం కోట్లు విప్పి కుర్చీలకి తగిలించుకునే లోపల అయిపోయేది. అప్పటికి 1961 వచ్చింది. సరస్సు మీది నుంచి ఫిబ్రవరి గాలి కోస్తుంటే జనం వీధి మలుపు దాకా వరస కట్టి నిలబడేవారు. ఆర్నీ జోకుల రికార్డు అక్కడే తీశారు. అది దేశంలో ప్రతి ఇంట్లోనూ మోగింది. ఒడెస్సా దాన్ని తెచ్చి, విని, అట్ట వెనకా ముందూ తిప్పి చూసింది.

"నూట పన్నెండు సార్లు కొట్టావు. కూర్చుని లెక్కపెట్టాను," అంది. "ఫొటో తీసినవాడి పేరుంది, ఆర్నీకి జుట్టు దువ్వినదాని పేరుంది. నీ పేరేదయ్యా?"

"డ్రమ్ములకి పేరెందుకు?"

"డ్రమ్ములకి అక్కర్లేదు. మా ఆయనకి కావాలి. నువ్వు వాళ్ళకి జాలి పంచుతూ కూర్చో, నీ రైలు ఇంటి ముందే తుప్పు పడుతుంది."

మర్నాడు మధ్యాహ్నం లూషియస్ ముందుగా వెళ్ళాడు. ఖాళీ గదిలో హెర్షెల్ బారు వెనక నిలబడి ఉడికిన మాంసాన్ని పలచగా కోస్తున్నాడు.

"నా నలభై ఎప్పుడు, హెర్ష్?"

హెర్షెల్ కత్తి ఆపాడు. "నీకు తెలియదా, లూషియస్? నీ దెబ్బ లేకపోతే వీళ్ళంతా చెప్పుల కొట్లో గుమాస్తాలే."

"అది కాదు నేనడిగింది."

"ఇస్తాను. నలభైకి నలభై. ఒక్క సెకను తగ్గించను. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది."

"అందుకే ఒట్టు తప్పితే ఇంకా భయం," అన్నాడు హెర్షెల్, రొట్టె మీద ఆవపిండి ముద్ద రాసి అతని ముందుకు తోస్తూ. లూషియస్ తిన్నాడు. రెండుసార్లు న్యూయార్క్ నుంచి మంచి పిలుపులు వచ్చినా వెళ్ళలేదు. అతన్ని పిచ్చివాడనేవారు. మాటిచ్చినవాడు ఎదురుగా కనబడుతున్నంత కాలం మాట బతికే ఉంటుందని నమ్మే మనుషులు కొందరు ఉంటారు.

క్లబ్బు పెరగడానికి పట్టిన కాలం తరగడానికి పట్టలేదు. ఆర్నీ కాలిఫోర్నియా పోయాడు. అక్కడ టెలివిజన్‌లో అతని వెనక పద్నాలుగు మంది వాద్యగాళ్ళు. అతని దారినే మిగతావాళ్ళూ పోయారు. ఇంట్లో సోఫాలో కూర్చుని ఉచితంగా నవ్వగలిగినప్పుడు చలిలో వరస కట్టేదెవరు? కుర్రకారుకి గిటార్ల హోరు కావలసివచ్చింది. 1968లో ఊళ్ళో జరిగిన అల్లర్ల తర్వాత సాయంత్రమైతే ఆ వీధికి రావడానికే జనం జంకారు. హెర్షెల్ గారడీవాళ్ళని పెట్టాడు, మాట్లాడే బొమ్మలవాణ్ణి పెట్టాడు. బొమ్మ జోకులకి కూడా లూషియస్ దరువు వేశాడు. బల్లలు ఖాళీ అయినా ఆ నలభై మాత్రం తిరిగి రాలేదు. ఓడిపోయేవాడికి రేపటి మీద ఆశ ఎక్కువ, అందుకని ఇవాళ్టిని ఎవరికీ ఇవ్వలేడు.

చివరికి భవనం కూలగొట్టి నలభై అంతస్తులు లేపుతామని యజమానులు కాగితం పంపారు. హెర్షెల్ ఆ కాగితాన్ని లూషియస్‌కి చూపించాడు.

"నలభై అంతస్తులట," అన్నాడు. "ఆఖరాట మార్చి పదిహేను, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. అరవై మంది రానీ, ఆరుగురు రానీ. ఆ రోజు నలభై నీవి."

లూషియస్ ఆ రెండు వారాలూ రైల్లో కళ్ళు మూసుకునే ప్రయాణం చేశాడు. ఒడెస్సా పాత టోపీకి కొత్త రిబ్బను కుట్టింది.

ముందురోజు కాలిఫోర్నియా నుంచి ఫోను వచ్చింది. కోల్డ్ రూమ్ మూతపడుతుంటే తను రాకుండా ఉంటానా అని ఆర్నీ. పది నిమిషాలు చాలన్నాడు. ఆదివారం పత్రికలో అది పడింది. నాలుగయ్యేసరికి కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

ఆర్నీ తెల్లబూట్లతో వచ్చి లూషియస్‌ని గట్టిగా కావిలించుకున్నాడు. నిజంగానే ప్రేమతో. అందులో అబద్ధమేమీ లేదు. తర్వాత స్టేజీ ఎక్కాడు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. జనం వదలడం లేదు, ఆర్నీ వదలడం లేదు. బూటు జోకు చెప్పాడు. చప్పట్లు. లూషియస్ ముక్తాయిస్తూనే ఉన్నాడు. రెండో బల్ల దగ్గర ఒడెస్సా గోడ గడియారం వైపు చూసి, మొగుడి వైపు చూసింది. నలభై నిమిషాలు దాటాక లూషియస్ పుల్లలు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఆర్నీ మరో జోకు ముగించి ఆగాడు. దెబ్బ పడలేదు. గది బిక్కమొహం వేసింది. ఇంకోటి చెప్పాడు. అదీ పడిపోయింది. ఆర్నీ చెవులు, పద్నాలుగేళ్ళ తర్వాత, మళ్ళీ ఎర్రబడ్డాయి.

వెనక్కి తిరిగాడు. "ఏమైందిరా లూషియస్? నిద్రపోయావా?"

లూషియస్ స్టేజీ మీద ఏనాడూ నోరు విప్పి ఎరగడు. ఆ రోజు విప్పాడు.

"అవి నా నలభై నిమిషాలు, ఆర్నీ."

కార్కు గోడల మధ్య ఆ మాట గదిలో ప్రతి చెవికీ వినబడింది. ఆ తర్వాత పుట్టిన నవ్వు ఆ గదిలో అంతకు ముందు ఎవరూ విని ఉండరు. మొహం ముడుచుకునే డ్రమ్మరు ఆఖరి రోజున జోకేశాడు! ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆర్నీ ఆటగాడు కదా, అందివచ్చిన అదను వదులుకోడు. వంగి, లూషియస్ మోకాలి మీది పుల్ల ఒకటి తీసుకుని, తనే కొట్టాడు.

డబ్, డబ్. ఛస్!

దానితో ఆట ముగిసింది. అంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది? ఆర్నీ పుల్ల కింద పడేసి, చేతులూపి, విమానం వేళైందని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆర్నెల్ల తర్వాత టెలివిజన్‌లో ఆ మాటని తన జోకుగా చెప్పి మళ్ళీ నవ్వించాడని వినికిడి. ఒడెస్సా ఆ పెట్టె కట్టేసింది.

లూషియస్ కింద పడ్డ పుల్ల తీసుకున్నాడు. ఏడుపొచ్చింది. ఏడవలేదు, వాయించడం మొదలుపెట్టాడు. ఇంటి గుమ్మం, వీధి, రైలు మెట్లు. జనం దాన్ని సాగనంపే సంగీతమనుకుని లేచి కోట్లు తొడుక్కున్నారు. కొందరు వెళుతూ వెళుతూ అతనికి చెయ్యి ఊపారు. పియానో అతనూ బాసు అతనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా తప్పుకుని, బారు దగ్గర నిలబడ్డారు. అది డ్రమ్ముల కథ, వాళ్ళకి తెలుసు.

హెర్షెల్ అలవాటుగా కుర్చీలు ఎత్తి బల్లల మీద బోర్లించసాగాడు.

"కుర్చీలు పారిపోతాయా?" అంది ఒడెస్సా, గొంతు పెంచకుండా. "రేపు ఎత్తుకోవచ్చు. కూర్చోవయ్యా."

హెర్షెల్ చేతిలోని కుర్చీని దించి, ఆమె పక్కనే కూర్చుని, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

రైలు ముప్పై అయిదో వీధి దాటింది. లూషియస్ ఎన్నేళ్ళనుంచో వాయించని మలుపులో చక్రాలు కీచుమన్నాయి. నది వంతెన వచ్చింది. హెర్షెల్ తల దించుకున్నాడు. పద్నాలుగేళ్ళు ఈ గదిలో ఏం దాచిపెట్టి ఉంచాడో అతనికి ఇప్పుడు తెలుస్తోంది, సిగ్గుగా ఉంది. రష్ వీధిలో నడక, తలుపు, ఆపైన మెట్లు. ఒకటొకటిగా పదకొండు. పదకొండో దెబ్బ కార్కులోకి ఇంకిపోయింది.

హెర్షెల్ గడియారం చూశాడు. "ముప్పై ఏడే అయింది, లూషియస్," అన్నాడు. "ఇంకా మూడు నిమిషాలు నీవే."

లూషియస్ పుల్లలు రెండూ సంచీలో పెట్టుకున్నాడు.

"ఉంచుకో, హెర్ష్," అన్నాడు. "ఆదివారం కదా, రైలు ఖాళీ, తొందరగా వచ్చేసింది."

హెర్షెల్ వేళ్ళు అలవాటుకొద్దీ బల్ల మీద ముక్తాయింపు వేయడానికి లేచాయి. ఒడెస్సా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ముగ్గురూ ఆ మూడు నిమిషాలూ అలాగే కూర్చున్నారు.