పోలండ్ పుస్తకాల అర

నిచ్చెన నాలుగో మెట్టు మీద నిలబడి, చంకలో మూడు పుస్తకాలు ఇరికించుకొని, నాలుగోదాని మీది దుమ్మును నోటితో ఊదాడతను. ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే పని. పాఠకులు బల్లల మీద వదిలేసిన పుస్తకాలను ఏరడం, వీపు మీది అంకెలు చూసి ఎక్కడివి అక్కడ సర్దడం. లైబ్రరీలో అందరూ అతన్ని 'నిచ్చెన' అనే అంటారు. మోకాళ్లు అరిగాయి గానీ ఆ పిలుపు అరగలేదు.

ఆ పొద్దున అతను సర్దడానికి ఎక్కలేదు, వెతకడానికి ఎక్కాడు.

పైనుంచి రెండో అరలో పోలండ్ పుస్తకాలు ఆరున్నాయి. చరిత్ర, వంటలు, పల్లె పాటలు, పెళ్లి తంతులు, ఒక అట్లాసు, ఎవరో ప్రయాణికుడి డైరీ. వాటిలో అన్నిటికన్నా కొత్తది నలభై ఏళ్ల నాటిది. పోటీ పరీక్షల గైడ్లు బస్తాలకొద్దీ దింపే పెద్దమనుషులకు, అలాంటి దేశం మీద ఒక్క కొత్త పుస్తకం కొనడానికి చేతులు రావు. పదో తరగతి తప్పిన నిచ్చెన ఆ ఆరింటినీ అయిదు నెలల్లో రెండేసి సార్లు చదివాడు.

అయిదు నెలల కిందట అతని ఒక్కగానొక్క కూతురు ఆ దేశంలోనే పోయింది. చేపలు పెట్టెలకెత్తే కోల్డ్ స్టోరేజీలో ర్యాకు కూలి మీద పడింది. ప్రమాదం అంది పనికి పంపిన ఏజెన్సీ, రెండే వాక్యాల్లో. ఆ ర్యాకు కట్టినవాణ్ని ఎవడూ నిలదీయలేదు. పిల్లను అక్కడే పూడ్చేశారు. తుంటి విరిగి మంచం పట్టిన భార్యకు ఆ మాట చెప్పడానికి అతనికి నోరు పెగల్లేదు. ఫ్యాక్టరీలో ఫోన్లు ముట్టనివ్వడం లేదట, ఇకనుంచి ఉత్తరాలే రాస్తుందట అని అబద్ధమాడాడు. ఆమెకు చదవడం రాదు. వారానికొక ఉత్తరం అతనే రాశాడు, అతనే చదివి వినిపించాడు. పోలండ్ మంచు, పోలండ్ చెట్లు, పోలండ్ ముసలమ్మల తలగుడ్డలు అన్నీ ఆ అరలోంచి దిగి కూతురి మాటలయ్యాయి.

నిన్న సాయంత్రం ఉత్తరం విన్నాక ఆమె గోడకేసి చూస్తూ అడిగింది.

"ఏమయ్యా, అక్కడ పోయినవాళ్లని ఏం చేస్తారు?"

"ఎందుకే ఆ పాడు మాటలు?"

"ఊరికే. మీ లైబ్రరీలో ఉంటే చూసి చెప్పు."

అందుకే ఈ వెతుకులాట.

"పెద్దాయనా, మళ్లీ పోలండేనా?" కౌంటర్లోంచి లైబ్రేరియనమ్మ నవ్వింది. "అల్లుణ్ని అక్కణ్నుంచి తెస్తున్నావా ఏంటి కొంపదీసి?"

"తెద్దామనే అనుకున్నా మేడమ్. కుదర్లేదు" అన్నాడతను. ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఏదో నోట ఇంటిదాకా వెళ్తుందని భయం.

డైరీ చివర్లో దొరికింది. నవంబరు ఒకటో తేదీన ఆ దేశమంతా సమాధుల దగ్గరికి కదులుతుందట. గాజు బుడ్లలో దీపాలు వెలిగిస్తారట. ఎవరూ రాని సమాధి కనబడితే, దాన్ని దాటి పోయేవాళ్లు ఆగి, తమ సంచిలోంచి ఒక దీపం తీసి పెట్టి వెళ్తారట. ఆ వాక్యాన్ని వేలు పెట్టుకొని మూడుసార్లు చదివాడు. కళ్లు నిండగానే పుస్తకాన్ని దూరం జరిపాడు, పేజీ తడుస్తుందని. సొంత ఏడుపు కూడా లైబ్రరీ పుస్తకం మీద పడనివ్వని బతుకు అది.

సాయంత్రం మంచం పట్టె మీద కూర్చుని చెప్పాడు. ఆమె చివరిదాకా వింది.

"తమవాళ్లు కానివాళ్లక్కూడానా?"

"పెడతారట. పేరైనా చూడరట."

"అయితే మన పిల్ల చీకట్లో ఉండదు."

"నీకెవరు చెప్పారే?"

"నువ్వే. పంచదార కార్డు పట్టుకొని గంటసేపు వరసలో నిలబడ్డానమ్మా అని చదివావు చూడు, రెండో ఉత్తరంలో. అది ఫోన్లో నాతో ఏమనేదో తెలుసా? అమ్మా, ఇక్కడ కొట్లలో పంచదార గుట్టలుగా ఉంటుంది, నువ్వు చూస్తే కళ్లు తిరిగి పడిపోతావు అనేది." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఏ కాలం పుస్తకమయ్యా అది?"

"నలభై ఏళ్ల నాటిది."

"మీ లైబ్రరీ తగలెయ్య."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఇద్దరికీ తెలియలేదు. ఆ పిల్ల కోసం వాళ్లు కలిసి ఏడవడం అదే మొదటిసారి.

"తెలిసి కూడా ఇన్నాళ్లూ ఎందుకు విన్నావే?"

"నువ్వు చదువుతున్నంతసేపూ అది బతికే ఉండేది. ఆపమని ఎట్లా అంటాను?" అతని బొటనవేలు పట్టుకుంది. "ఆ దీపాల సంగతి ఇంకోసారి చెప్పు. దాని మాటల్లో వద్దు. నీ మాటల్లో చెప్పు."

చెప్పాడు. వింటూ వింటూ నిద్రపోయింది.

తెల్లారాక నీళ్లు కాచి, రబ్బరు సంచిలో పోసి, ఆమె తుంటి కింద పెట్టాడు. "అమ్మయ్య" అంది కళ్లు తెరవకుండా. అతను కాఫీ కలుపుకొని వచ్చేసరికి ఆమె ముఖం గోడవైపు తిరిగి ఉంది. "ఏమే" అన్నాడు. మళ్లీ అన్నాడు. గ్లాసు నేల మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు.

ఇరుగుపొరుగు వచ్చి ఆమెను చాప మీదికి దించారు. ఖాళీ మంచం మీద వేడినీళ్ల సంచి ఒక్కటే మిగిలింది, ఇంకా వెచ్చగా.