చివరి వారం లేని నవల

నేను ఒక నవలను. అయినా నా కథ ఎలా ముగుస్తుందో మొన్నటిదాకా నాకే తెలియదు. నా నాయిక సుభాషిణి మొగుడితో పోట్లాడి, చంటిబిడ్డను ఎత్తుకుని బస్సెక్కుతుంది. బస్సు కదులుతుంది. ‘సశేషం’ అని ఉంటుంది. ఆ తరవాత అట్ట. ఆమె మధ్యలో దిగి వెనక్కి వెళ్లిందా, లేదా అన్న సందేహాన్ని ఏళ్ల తరబడి మోశాను.

నేను ఒక్కసారిగా పుస్తకమై పుట్టలేదు. వారపత్రికలో ముక్కలు ముక్కలుగా వచ్చాను. రేపల్లెలో పక్కపక్క వాటాల్లో ఉండే ఇద్దరు ఇల్లాళ్లు ఆ పత్రికను కలిసి కొనేవారు. సౌభాగ్యం ముందు చదివి, వంటల పేజీలు తను ఉంచుకుని, సీరియల్ కాగితాలు చింపి మాణిక్యాంబకు ఇవ్వాలి. అదీ ఒప్పందం. మాణిక్యాంబ వాటిని పోగుచేసి దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు లక్ష్మీదేవిని అట్టగా వేసింది. లోపల ఉన్నది మొగుణ్ణి వదిలి వెళ్తున్న ఆడదాని కథే అయినా, తెరిచే ముందు నన్ను కళ్లకద్దుకునేది. మనుషుల భక్తికి అట్ట చాలు.

నన్ను రాసింది నీరజాక్షీదేవి. మాణిక్యాంబ ఎందరివో నవలలు చదివింది. ఒకరు నాయికకు పట్టుచీరలు కడతారు, ఒకరు ఊరికే ఏడిపిస్తారు, పొయ్యి ముందు కూర్చున్న ఆడది లోపల ఏమనుకుంటుందో మాత్రం నీరజాక్షికే తెలుసు అనేది. ఒకసారి ఆవిడకు ఉత్తరం రాస్తే ‘చెల్లాయికి ఆశీస్సులు’ అని జవాబు వచ్చింది. అప్పటినుంచి వరలక్ష్మీ వ్రతం నాడు ఆ అక్కయ్య పేరున ఒక తాంబూలం విడిగా తీసేది.

చివరి వారం మాత్రం నాకు అందలేదు. ‘ఎక్కడో పెట్టి మరిచిపోయాను, దొరికితే ఇస్తాలే’ అంది సౌభాగ్యం. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

మొన్న సౌభాగ్యం బీరువాలోని పట్టుచీరలు ఎండలో వేస్తుంటే మాణిక్యాంబ సాయం వెళ్లింది. చీరల కింద దొరికిన నా చివరి వారం కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చింది. వెనకే సౌభాగ్యం. ఆఖరి పేజీలో, ‘నీరజాక్షీదేవి కలం పేరుతో ఈ సీరియల్ రాసిన రచయిత’ అన్న అక్షరాలకు పైన, ఒత్తు మీసాల పెద్దమనిషి ఫోటో ఉంది.

“ఎవరు వదినా ఈయన?”

“ఇంకెవరు, మీ అక్కయ్య.”

మాణిక్యాంబ నవ్వలేదు.

“ఏం చెయ్యమంటావే? శ్రావణమాసం వచ్చిందంటే తాంబూలం తీస్తావు. అది మీసాలాయనకని ఏ నోటితో చెప్పను?”

“మగాడైతే అయ్యాడు వదినా. చెల్లాయి అని ఎందుకు రాయాలి? అక్కయ్యే కదా అని, మా ఆయనతో కూడా అననివి ఆ ఉత్తరంలో రాసుకున్నాను. మీరేమో అన్నీ తెలిసి కూడా నాచేత తాంబూలం తీయించారు.”

“నాకే ఇచ్చేదానివిగా. వృథా పోలేదులే.”

“ఇంక ఊరుకోండి.”

నన్ను పాత కాగితాలవాడికి వేస్తానంది. గుమ్మం దాకా తీసుకెళ్లింది కూడా. మళ్లీ ఏమనుకుందో కూర్చుని, ఆయన మొహం ఒక్కటీ తీసేద్దామని కత్తెర తెచ్చింది. కాగితం తిప్పి చూసి ఆగిపోయింది. సరిగ్గా ఆ మీసాల వెనక సుభాషిణి బస్సు దిగుతోంది. దిగింది పుట్టింట్లోనూ కాదు, అత్తింట్లోనూ కాదు. తెలియని ఊళ్లో, బిడ్డకు పాలు పట్టడానికి చాటు వెతుక్కుంటోంది. ఆ వాక్యాలు మాణిక్యాంబ రెండుసార్లు చదివింది.

“చాటు దొరకని సంగతి ఈయనకెలా తెలిసింది వదినా?”

“ఇంట్లో ఆవిడ చెప్పి ఉంటుంది.”

“ఆవిడ పేరు వెయ్యలేదే మరి.”



మాణిక్యాంబ కత్తెర పక్కన పెట్టి దబ్బనం తీసింది. సౌభాగ్యం ఆ చివరి వారం కాగితాలు ఒక్కొక్కటే అందిస్తుంటే, ఆమె మొహం చూడకుండా అందుకుని, మీసాలతో సహా నాకు కుట్టింది.