నీళ్ళు కలిపిన నాటకం

అరవై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి. నా చెయ్యి నిదానం. ఈ నాలుగు కాగితాలకే చలికాలమంతా పట్టింది.

అప్పట్లో మేముండే ఊళ్ళో ఏ నాటకమైనా జనం ముందు ఆడాలంటే ముందు అధికారులకు ఆడి చూపించాలి. ముగ్గురు వచ్చి ఖాళీ హాల్లో ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ళు సరేనంటే పర్మిట్టు, కాదంటే హాలుకి తాళం. వీళ్ళని దాటడానికి ఒక నాటకం కంపెనీ వాళ్ళు ఓ విద్య కనిపెట్టారు. చెడగొట్టడం సాధన చేశారు. కోపంగా అనాల్సిన మాట ఆవులిస్తూ అనడం, అసలు మాట వచ్చేసరికి దగ్గడం, గుండె పగలాల్సిన చోట విసనకర్ర ఊపుకోవడం. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు నీళ్ళు కలపడం. పాలవాడు కూడా అంత శ్రద్ధగా కలపడు. అధికారులు కాసేపు కునికిపాట్లు పడి, లేచి సంతకం పెట్టి పోయేవారు. మర్నాడు జనం ముందు అదే నాటకం చిక్కగా ఆడేవారు. రాసిన మాట ఒక్కటీ మారదు, గొంతు మారుతుంది. గొంతుని ఎవరు పట్టుకుంటారు?

కంపెనీలో పెద్ద వేషాలన్నీ, మేమంతా అక్క అని పిలిచే ఆవిడవి. నాటకాలు రాసేదీ నడిపేదీ ఆమె భర్త. ఆయన్ని అందరూ మేష్టారనేవారు.

ఆ ఏడాది నాటకం ఒక తల్లిది. పనికి వెళ్ళిన కొడుకుని జీపెక్కించుకుని పోతారు. తల్లి ఆఫీసులన్నీ తిరుగుతుంది. చివరికి ఒక బల్ల వెనకాయన "నీకసలు కొడుకే లేడు" అంటాడు. "మరి ఈ చేతులు ఎవరిని ఎత్తుకు పెంచాయండీ?" అని ఆమె అడుగుతుంది. నాటకం అక్కడితో అయిపోతుంది.

అది కల్పించింది కాదు. కంపెనీ బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ బతుకులో జరిగింది. అక్క రోజూ పోయి ఇస్త్రీ బల్ల పక్కన కూర్చునేది.

"అరిచి అడిగావా వదినా?"

"అరిస్తే గెంటేస్తారమ్మా. మెల్లగానే అడిగా. బల్ల మీద ఇలా చెయ్యి పెట్టి, తియ్యకుండా అడిగా. వాడు నా చేతికేసి చూశాడు గానీ మొహంకేసి చూడలేదు."

"అలాగే చేస్తా. నువ్వొచ్చి ముందు కుర్చీలో కూర్చో. నీ మాట హాలంతా వినబడకపోతే నన్నడుగు."

"జవాబు రాదని నాకు తెలుసులే తల్లీ. నలుగురికీ వినబడితే చాలు." ఆవిడ ఇస్త్రీపెట్టె మూత ఎత్తి బొగ్గుల మీది బూడిద ఊదింది. "ఎక్కడా చివరిదాకా చెప్పనివ్వలేదు నన్ను."

ఆ మాట అక్కకి ముల్లులా దిగబడింది. అందుకే ఆఖరి ఘట్టానికి అన్నిటికన్నా ఎక్కువ నీళ్ళు కలిపింది. అధికారుల ముందు అది పొరపాటున చిక్కగా వచ్చిందంటే నాటకమే ఉండదు. పొద్దున్నా సాయంత్రం అదే సాధన.

"ఏమోయ్, ఇంకా బాగానే వస్తోంది. కాస్త పాడుచెయ్యి" అన్నారు మేష్టారు.

"మీతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. పాడవడం కొత్తగా నేర్పాలా?"

బల్ల వెనకాయన వేషం, కంపెనీలో అందరూ బక్కోడనే కుర్రాడిది. "నాకు ఏ సాధనా అక్కర్లేదు మేష్టారూ, మామూలుగా చేస్తే చాలు" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

చివరికి కుదిరింది. చెయ్యి బల్ల మీద అలా ఆని, వెంటనే లేచి విసనకర్ర అందుకునేది. ప్రశ్న, బస్సెప్పుడొస్తుందని అడిగినట్టు వచ్చేది.

అధికారుల్లో ఇద్దరు నిద్రపోయారు. కళ్ళజోడాయన సంతకం పెట్టి, గుమ్మం దగ్గర ఆగాడు. "మొదటి ఆటకి మా మనిషొకడు హాల్లో ఉంటాడండీ. టిక్కెట్టు కొనుక్కునే వస్తాడు లెండి."

 వేషాల గదిలో ముందుగా మేష్టారే తేరుకున్నారు. "ఒక్కడి కోసం హాలంతటికీ నీళ్ళు పొయ్యలేం."

"మొన్ననే మాకు పాప పుట్టింది" అన్నాడు బక్కోడు. "అయినా నేను జారుకోను. అక్క మాట ఎలా ఎత్తుకుంటే నేనూ అలాగే."

అందరూ అక్క వైపు చూశారు. "చిక్కగానే" అంది అక్క.

హాలు నిండింది. ఇస్త్రీ ఆవిడ ముందు వరసలో, మడత నలగని బట్టల్లో, కుర్చీ అంచున కూర్చుంది. మొదటి ఘట్టం అక్క అన్నట్టే చిక్కగా చేసింది. దగ్గేవాళ్ళు దగ్గు మానేశారు. మూడో వరసలో నున్నగా దువ్వుకున్న ఒకాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఇంత శ్రద్ధగా వినే అవసరం ఎవరికుంటుంది అనుకుంది అక్క. అంతే. అక్కణ్ణుంచి హాల్లో శ్రద్ధగా వింటున్న ప్రతివాడూ ఆ మనిషిలాగే కనబడ్డాడు.

"నీకసలు కొడుకే లేడు" అన్నాడు బక్కోడు, వాడి జన్మలో అనని గొంతుతో.

అక్క బల్ల మీద చెయ్యి పెట్టింది. చెయ్యి లేచింది. విసనకర్ర అందుకుంది. బస్సెప్పుడొస్తుందని అడిగినట్టు అడిగింది. బక్కోడు ఒక్క క్షణం తెల్లబోయి, వాడూ ఆవులించాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తెర పడింది. చప్పట్లు వచ్చాయి, అమ్మయ్య అయిపోయిందన్నట్టు.

ఇస్త్రీ ఆవిడ తెర వెనక్కి వచ్చింది. "బాగుందమ్మా" అంది. అక్క కొంగు ముడత సవరిస్తూ, "చివర్న నాకే సరిగ్గా వినబడలేదు. చెవులు మందగించాయి కదా" అంది.

"రేపు మళ్ళీ రా వదినా. రేపు సరిగ్గా..."

"ఎందుకులే తల్లీ. నీకూ ఓ ఇల్లుంది, పిల్లలున్నారు." అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అక్క తట్టుకునేది.

మర్నాడు మేష్టారు ఏదో పని మీద అధికారుల ఆఫీసుకి వెళ్తే కళ్ళజోడాయన టీ తెప్పించాడు. "మా మనిషా? ఎవరున్నారండీ మా దగ్గర, మేం ముగ్గురమే. అలా ఓ మాట అని వదుల్తాం, అంతే."

ఆ సాయంత్రం హాల్లో పట్టుమని పాతికమంది లేరు. భయపడాల్సిందేమీ లేదని అక్కకి తెలుసు. బల్ల మీద చెయ్యి గట్టిగా అదిమిపెట్టింది కూడా. అయినా మాట పలచగానే వచ్చింది.

"భయం లేదండీ" అంది తెర వెనక మేష్టారితో. "భయపడితే బాగుండును. ఆ ప్రశ్న నా నోట్లో అలాగే గడ్డకట్టుకుపోయింది."

"రేపు వస్తుందిలే."

రాలేదు. ఇంట్లో వంటగది గట్టు మీద చెయ్యి పెట్టి ప్రయత్నించేది. పిల్లలు చూసి నవ్వితే ఆపేసేది. నాటకం చప్పగా ఉందని ఊళ్ళో పాకిపోయింది. పర్మిట్టుకి ఇంకా బోలెడు గడువుంది, ఎవరూ వద్దనలేదు, ఎవరూ తాళం వెయ్యలేదు. కుర్చీలే ఖాళీ అయిపోయాయి. మేష్టారే తాళంచెవి హాలు వాళ్ళకి తిరిగి ఇచ్చేశారు.

అక్క ఆ తర్వాత బట్టలు ఇంట్లోనే ఉతుక్కుని, ముడతలతోనే కట్టుకునేది. ఇస్త్రీ సందులోకి అడుగుపెట్టాల్సి వస్తుందని.

— ఆ హాల్లో తెర లాగే ఆయన భార్యను, అందరికీ చిట్టిపిన్నిని. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు చిన్నకూతురి దగ్గర, రైలు స్టేషను వెనక వీధిలో, మేడ మీది గదిలో ఉంటున్నాను.