పెదనాన్న పైపళ్లు

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్లకు వేరుశనగ పడదని రెండేళ్ల వయసులో తెలిసింది. అప్పటినుంచి బిస్కెట్ ప్యాకెట్ల వెనక ఉండే సన్నటి అక్షరాలు చదివి చదివి వాళ్లమ్మ కళ్లు లోపలికి పోయాయి. ఏడో ఏడు నడుస్తుండగా రక్తపరీక్షలో అలర్జీ అంకెలు బాగా తగ్గాయి. "తగ్గిపోయి ఉండొచ్చు. ఇక్కడే, మా కళ్లముందే, కొంచెం కొంచెంగా తినిపించి చూద్దాం," అన్నాడు డాక్టరు. దాన్ని ఛాలెంజ్ అంటారట.

పాసైతే క్లాసులో అందరితోపాటు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినొచ్చని పిచ్చుక ఆశ. ఇన్నాళ్లూ దానికి కిటికీ పక్కన విడిగా ఒక బల్ల వేశారు.

ఆస్పత్రిలో నర్సు వేరుశనగ పిండి కలిపిన గుజ్జు చెంచా కొసన పెట్టి ఇచ్చింది. ఏమీ కాలేదు. కాసేపాగి ఇంకాస్త ఇచ్చింది. అప్పుడూ ఏమీ కాలేదు. పిచ్చుక తల్లివైపు బొటనవేలు ఎత్తి చూపించింది. ఆ తర్వాతి చెంచా మింగాక మాత్రం మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. దగ్గు తెర ఆగలేదు, దాని వెనకే వాంతి. నర్సు తొడలో ఇంజక్షన్ గుచ్చాక గానీ ఊపిరి దారికి రాలేదు.

"ఫెయిల్," అంది నర్సు డాక్టరుతో. మెల్లగానే అంది కానీ పిచ్చుక వినేసింది.

"అమ్మా, నేను ఫెయిలయ్యానా?"

"నువ్వు కాదే. ఆ పరీక్షని అలా అంటారంతే."

"మరి నా బల్ల?"

తల్లి దుప్పటి సర్దింది. 

ఆ ఆదివారం పిచ్చుక పెదనాన్న చూడ్డానికి వచ్చాడు. ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే కోచ్ ఆయన. ఎక్కడున్నా గట్టుమీద నిలబడి అరిచినట్టే మాట్లాడతాడు. చిగుళ్ల జబ్బుతో పైపళ్లన్నీ కదిలిపోతున్నా గొంతు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

"ఎందుకు ఫెయిలయ్యావో తెలుసా? భయం! మీ అమ్మ నీకు ఉగ్గుపాలతో పోసింది భయం. నా దగ్గర పిల్లలు చూడు, దడుసుకున్నవాడు మునుగుతాడు, ధైర్యంగా దూకినవాడు తేలతాడు. నువ్వూ అంతే. ధైర్యంగా తింటే ఏమీ కాదు."

"బావగారూ, దాని ముందు అలా అనకండి," అంది పిచ్చుక తల్లి.

"ఇదిగో, చూశావా? మళ్లీ భయం!" అని ఆయన పగలబడి నవ్వాడు. ఆమె భర్త కూడా నవ్వాడు. అన్నయ్య నవ్వితే నవ్వడం ఆయనకు చిన్నప్పటి అలవాటు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం స్నానాలగదిలోంచి ఈలలాంటి చప్పుడు వినిపించింది. తలుపు తోసి చూస్తే పిచ్చుక నేలమీద కూర్చుని ఉంది. పెదవులు ఉబ్బిపోయాయి. క్లాసులో ఎవరినో అడిగి తెచ్చుకున్న వేరుశనగ గింజను కొరికింది. మిగిలిన ముక్క ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఇలాంటప్పటికని డాక్టరిచ్చిన ఇంజక్షన్ తల్లి సంచిలోంచి తీసింది. తొడలో గుచ్చింది, అంబులెన్స్ పిలిచింది, పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఆస్పత్రిలో మాట పెగిలాక పిచ్చుక చెప్పిన మొదటి మాట ఇది:

"అమ్మా, ఒట్టు, నేను భయపడలేదు. అయినా వచ్చేసింది."

తల్లి భర్త చేతిలో ఫోన్ పెట్టి, "ఇది మీ అన్నయ్యకి చెప్పండి," అంది.

భర్త ఫోన్ చేస్తే కోచ్ విరుచుకుపడ్డాడు. "దొంగచాటుగా తినమని నేను చెప్పానా? పిల్లని అదుపులో పెట్టుకోలేక నా మీద పడతారేంట్రా!"

"పోనీలే, అన్నయ్యది నోటి దురుసు, అంతే," అన్నాడు భర్త.

 ఆ మాట ఆమె మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. నోరు.

ఆనాటినుంచి పిచ్చుక ప్రతి ముద్దకీ బెదురుతోంది, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. తల్లి కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. కొన్నాళ్లకు కోచ్ పైపళ్లన్నీ పీకించుకున్నాడు. "మనింటి అమ్మాయి చేతిపనే కావాలి," అని పళ్ల డాక్టరుతో పట్టుబట్టాడు కూడా. అలా ఆయన నోటి అచ్చు తిన్నగా ఆమె బల్లమీదికే వచ్చింది.

పళ్లసెట్టు ముచ్చటగా చేసింది. పళ్ల వరస చూస్తే సొంత పళ్లే అనుకోవాలి. లోపలివైపు అంతా అద్దంలా నునుపు చేసి, ఎడమపక్క చిగుళ్లమీద ఆనే చోట మాత్రం ఆవగింజలో సగమంత బొడిపె వదిలేసింది. దానిమీద వేలు పెట్టి నొక్కి చూసుకుంది. పిచ్చుక ప్రతి ముద్దకీ ఎలా బెదురుతుందో ఈయనకీ తెలియాలి. కడుపునిండా, కసితీరా తెలియాలి.

తెలిసింది. తర్వాతి ఆదివారం భోజనాల దగ్గర కోచ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు తిప్పుకున్నాడు.

"భయమేమో బావగారూ," అంది ఆమె వడ్డిస్తూ. "ధైర్యంగా నమలండి, ఏమీ కాదు."

కోచ్ భార్య ఫక్కున నవ్వింది. అంత తీయని నవ్వు ఆమె ఎన్నడూ వినలేదు.

కోచ్ జావలకు దిగాడు. బుగ్గలు పీక్కుపోయాయి. కొలను దగ్గర విజిల్ ఊదబోతే నొప్పికి పళ్లు జారి నీళ్లలో పడ్డాయనీ, పిల్లలు పోటీపడి మునిగి తీశారనీ విని, ఆమె ల్యాబులో ఒంటరిగా కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే ల్యాబుకు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"నువ్వే చూడమ్మా. కొత్తలో అలాగే ఉంటుంది, అంతా నా మనసులోనే ఉందంటున్నాడు పళ్ల డాక్టరు. ఒట్టు, నిజంగానే నొప్పి."

"నేను నమ్ముతాను బావగారూ. మీరే పిచ్చుకని నమ్మలేదు."

సెట్టు తీయించి, ఆయన వేలు పట్టుకుని ఆ బొడిపె మీద పెట్టింది. "ఇది నేనే ఉంచాను."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. పళ్లు లేని నోటితో అడిగాడు. "కావాలనే చేశావా? నాకు పుండు పడిందే!"

"దానికి ఊపిరే ఆగబోయింది." సెట్టు గుప్పిట్లో బిగించింది. "ముందు మా ఇంటికి రండి. తప్పు దానిది కాదని దానితో చెప్పండి. అరగదీసేది ఆ తర్వాతే."

తిడతాడనుకుంది. తిట్టలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె వెంట నడిచాడు.

ఇంట్లో పిచ్చుక రంగు పెన్సిళ్లు చెక్కుకుంటోంది. కోచ్ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ రోజు... అది నీ హప్పు కాదమ్మా."

"నా అప్పా? నేనెవరి దగ్గరా తీసుకోలేదే!"

"హప్పు! హప్పు కాదు!"

"సరిగ్గా చెప్పండి పెదనాన్నా."

సాయం చేద్దామని భర్త నోరు తెరిచాడు. భార్య చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాడు. కోచ్ ముచ్చెమటలు పోస్తుండగా ఒక్కో అక్షరం కూడదీసుకున్నాడు. "నువ్వు... భయపడలేదు. నీ ఒంటికి... పడదు. నాదే... పొరపాటు."

పిచ్చుక పెన్సిల్ కింద పెట్టి ఆయన మొహంలోకి తేరిపార చూసింది. "అవును," అంది. మళ్లీ పెన్సిల్ అందుకుంది.

ఆమె బొడిపె అరగదీసి సెట్టు ఇచ్చేసింది. కోచ్ దాన్ని వాడలేదు, వేరేచోట కొత్తది చేయించుకున్నాడు. ఆమెతో మాటలు మానేశాడు. పిచ్చుక దగ్గర మాత్రం ధైర్యం ఊసెత్తడు. భర్త కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. "పెద్దాయన్ని అంత ఏడిపించాలా?" అని ఒకసారి అడిగాడు.

"ఆ బొడిపె ఇంకా కొన్నాళ్లు ఉంచాల్సింది," అంది.

తనకు పశ్చాత్తాపం ఇవాళ కాకపోతే రేపు రాకపోదని ఆమె అనుకుంది. రాలేదు. పిచ్చుకకు మాత్రం మళ్లీ రాత్రిళ్లు నిద్ర పడుతోంది.