వెళ్ళి చూసి రా

టీ పోయాలంటే ముందు కప్పు అంచు మీద చూపుడువేలు ఆనించుకోవాలి. కుడికన్ను పోయాక ఆమె నేర్చుకున్న మొదటి పని అది. ఒంటికన్నుకి దూరం అందదు. కప్పు ఇక్కడుందనుకుంటే అంగుళం అవతల ఉంటుంది. వేలు ఆనించకపోతే టీ నేలపాలు, ఆనిస్తే అత్తగారి నోటికి పని. "తాగే కప్పులో వేళ్ళు పెడుతుందమ్మా మా పెద్దకోడలు," అంది ఆవిడ ఆ సాయంత్రం కూడా, చుట్టాలందరికీ వినపడేలా. మరిదికి ఉద్యోగం వచ్చిందని డాబా మీద విందు. ఇరవై రెండు మెట్లు. ట్రే పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ అప్పటికి నాలుగుసార్లు ఎక్కింది.

పైన భర్త ఆమె కన్ను పోయిన కథ మొదలుపెట్టాడు. ఏడాదిలో ఆ కథ చాలా మారింది. మొదట్లో, "రవ్వ ఎగిరొచ్చి పడింది, ఎవరేం చేస్తారు?" అనేవాడు. కొన్నాళ్ళకి, "తనే ముందుకెళ్ళింది" అయింది. ఇవాళ, "వద్దే వద్దే అని అరుస్తూనే ఉన్నాను, మా ఆవిడ వింటేగా!" అని నవ్వాడు. చుట్టాలూ నవ్వారు. ఆమె వేలు ఆనించి వాళ్ళ కప్పులు నింపింది.

నిరుడు ఇదే డాబా. అతను సూపర్‌వైజరైన సంబరం. వెలిగించిన చిచ్చుబుడ్డి మూతి దగ్గర ఎర్రగా రాజుకుని ఆగిపోయింది. "వెళ్ళి చూసి రా, ఆరిపోయిందేమో," అన్నాడు, తన చేతిలో ప్లేటు ఉంది కాబట్టి. తినే మనిషిని లేపడమెందుకని ఆమె వెళ్ళి వంగింది. అంతే, ముఖమంతా నిప్పు. కన్ను కడిగి తడిగుడ్డ కట్టారు. "అందరూ భోంచేశాక వెళ్దాం, మధ్యలో లేస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు. ఆ గుడ్డతోనే రెండు బంతులు వడ్డించింది. "ఇంత ఆలస్యంగానా తీసుకురావడం?" అని డాక్టరమ్మ అడిగితే అతను వాచీ చూసుకున్నాడు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేసే బల్ల దగ్గర్నుంచి ఆమెను అట్టపెట్టెలు మడిచే మూలకి మార్చారు. "ఒక్కటైనా మిగిల్చాడు దేవుడు, దణ్ణం పెట్టుకో," అంటుంది అత్తగారు. రోజూ పెట్టుకుంటూనే ఉంది. మిగిల్చింది దేవుడైతే తీసిందెవరని ఆ దేవుణ్ణే అడగాలనిపిస్తుంది. అడగబోయేలోగా పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేస్తుంది.

పొద్దువాలగానే మరిది అట్టపెట్టె తెచ్చి విప్పాడు. చిచ్చుబుడ్లు.

"మళ్ళీ ఇవెందుకయ్యా?" అంది.

"మీరు దూరంగా కూర్చోండి వదినా, అవి మిమ్మల్ని గుర్తుపడతాయేమో!" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

రెండు బాగానే వెలిగాయి. మూడోది బుస్సుమని ఆగిపోయింది. మూతి నుంచి సన్నగా పొగ. భర్త ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో గ్లాసు. తొమ్మిదేళ్ళ కూతురి వైపు తిరిగాడు.

"బుజ్జీ, వెళ్ళి చూసి రామ్మా, ఆరిపోయిందేమో."

అవే మాటలు. అదే గొంతు. పాప పరుగందుకుంది. ఆమె చేతిలో ట్రే జారిపోయింది. మొదటిసారి ఆమె చేతికి గాలే చిక్కింది. రెండోసారి గౌను అంచు దొరికింది. దగ్గరికి లాక్కుంది.

"కప్పులన్నీ పగలగొట్టావు కదే!" అంది అత్తగారు.

"నలుగురిలో ఏంటీ గోల?" అన్నాడు భర్త. "అది ఎప్పుడో ఆరిపోయింది, ఏం కాదు."

"ఆరిపోయిందిగా," అంది ఆమె. "అయితే మీరే వెళ్ళి చూసి రండి."

అతను నవ్వబోయాడు. ప్లేటు కింద పెట్టి ఒక అడుగు ముందుకేశాడు. పొగ ఇంకా వస్తోంది. ఆగాడు. తర్వాత, తనకే తెలియకుండా, రెండడుగులు వెనక్కి వేశాడు. గ్లాసులో నీళ్ళు తొణికి చొక్కా మీద పడ్డాయి. అంతమందీ చూశారు.

"అయితే నిరుడు కూడా మీకు తెలుసన్నమాట," అంది.

బకెట్‌తో నీళ్ళు తెచ్చి, దూరం నుంచే దాని మీద కుమ్మరించింది. కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. పగిలిన కప్పులు డాబా మీదే ఉన్నాయి. వాటి కోసం మళ్ళీ ఎక్కలేదు.